ఉద్యోగం వదలకుండా పెద్ద పరుగు: ఏ కొలువును ఎంచుకోవాలి?

డిసెంబరులో ఒక ఆదివారం శ్రీకాకుళం కోడి రామ్మూర్తి స్టేడియం బయట టీ తాగుతున్నాను. ఒక కుర్రవాడు దగ్గరకు వచ్చి, "మాస్టారూ, పది కిలోమీటర్లు 33 నిమిషాల్లో అయిపోయింది. ఉద్యోగం మానేసి పూర్తిగా దీని మీదే కూర్చోనా?" అని అడిగాడు. వయసు 24. పైడిభీమవరం వైపు ఒక ఫ్యాక్టరీలో కాంట్రాక్టు కొలువు. ఊళ్లో తండ్రికి రెండెకరాల జీడితోట. ఇంట్లో పెళ్లి మాటలు అప్పుడే మొదలయ్యాయట.

అడగవలసిన ప్రశ్న అది కాదని నాకు అనిపించింది. ఉద్యోగమా పరుగా అని తక్కెడలో వేస్తే ఎప్పుడూ తప్పు లెక్కే వస్తుంది. ఏ ఉద్యోగం, ఏ వేళల్లో, రాత్రి ఎన్నింటికి పడుకోనిస్తుంది అన్నది చూడాలి. నేను ఇరవై ఏళ్లు పరుగెత్తాను, అందులో రెండేళ్లు చెడగొట్టుకున్నాను, ఇప్పుడు బడిలో లెక్కలు చెబుతూ ఆదివారాలు స్టాప్‌వాచ్ పట్టుకుంటున్నాను. ఆ అనుభవంతోనే ఇక్కడి కుర్రవాళ్ల ముందున్న దారులను పక్కపక్కన పెట్టి చూస్తున్నాను.

ముందు లెక్క

ఆ కుర్రవాడి 33 నిమిషాలంటే కిలోమీటరుకు 3 నిమిషాల 18 సెకన్లు. మారథాన్‌ను 2 గంటల 20 నిమిషాల్లో ముగించాలంటే కావలసిన వేగం కిలోమీటరుకు 3 నిమిషాల 19 సెకన్లు. అంటే ఇప్పుడు అతను నోరు తెరుచుకుని, చివర్లో మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని సాధించిన వేగాన్నే ఇంకో 32 కిలోమీటర్ల పాటు నిలబెట్టాలి. 2:20 అన్నది మన దేశంలో పెద్ద మారథాన్లలో ముందు వరుసలో నిలబడటానికి కావలసిన స్థాయి, అంతే. బీహార్ నుంచి వచ్చిన సైనికుడు శివనాథ్ సింగ్ 1978లో జలంధర్‌లో 2 గంటల 12 నిమిషాల్లో పరుగెత్తాడు. దశాబ్దాల తరబడి దాని దగ్గరకు వెళ్లినవాళ్లే తక్కువ. గోపి తొనక్కల్ 2019లో సియోల్‌లో 2:13:39 చేస్తే దేశమంతా తల తిప్పి చూసింది. ట్రాక్ మీద పదివేల మీటర్లలోనైతే గుల్వీర్ సింగ్ 2025లో 27 నిమిషాల 0.22 సెకన్లకు దించాడు. మన కుర్రవాడికీ ఆయనకూ మధ్య ఆరు నిమిషాల దూరం ఉంది.

ఇది నిరుత్సాహపరచడానికి చెప్పడం లేదు. మెట్లు ఎన్ని ఉన్నాయో తెలియాలి. రాష్ట్ర పతకం ఒక మెట్టు, జాతీయ పోటీల్లో మొదటి పదిమందిలో నిలవడం ఇంకో మెట్టు, దేశం తరఫున పరుగెత్తడం మరో మెట్టు. మొదటి రెండూ ఉద్యోగం చేస్తూ అందుకోవచ్చు. మూడోది అందుకున్నవాళ్లు ఉన్నారు కానీ వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

ఇప్పుడు గంటల లెక్క చూద్దాం. వారానికి 110 కిలోమీటర్లు, సగటున కిలోమీటరుకు 4 నిమిషాల 50 సెకన్ల చొప్పున అయితే తొమ్మిది గంటలు కూడా నిండవు. కాళ్లు సాగదీసే వ్యాయామాలు, బరువులు కలిపినా పన్నెండు. వారంలో 168 గంటలుంటే 48 కొలువుకూ, 56 నిద్రకూ తీసేసినా ఇంకా 64 మిగులుతాయి. పూర్తికాలం పరుగెత్తేవాడు 180 కిలోమీటర్లు వేస్తే అది పదమూడు పద్నాలుగు గంటలు. తేడా అయిదు గంటలే! మరి అసలు తేడా ఎక్కడుంది? వాడు మధ్యాహ్నం గంటన్నర పడుకుంటాడు, సాయంత్రం దాకా కాళ్లు పైన పెట్టుకుంటాడు. మనం ఆ వేళకు నిలబడి పని చేస్తూనో, బస్సులో వేలాడుతూనో ఉంటాం. ఉద్యోగం తినేది పరుగు గంటలను కాదు, నిద్రను. దారులన్నింటినీ ఈ ఒక్క కొలతతోనే కొలవమంటాను.

చేసి చూపించినవాళ్లు

జపాన్‌లో యూకీ కవావుచి ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో గుమాస్తా. బడి కార్యాలయంలో ఆయన పని మధ్యాహ్నం మొదలై రాత్రి ముగిసేది. ఉదయం రోజుకు ఒక్కసారే పరుగు, వారానికి రెండు గట్టి పరుగులు, సెలవు రోజుల్లో పోటీలు. పోటీలనే సాధనగా వాడుకున్నాడు. 2018లో బోస్టన్ మారథాన్ రోజున ఎముకలు కొరికే చలి, ఎదురుగాలి, వాన. పూర్తికాలం క్రీడాకారులు ఒక్కొక్కరే తప్పుకుంటుంటే ఆయన 2:15:58లో గెలిచాడు. అదే రోజు మహిళల్లో రెండో స్థానం అమెరికాకు చెందిన శారా సెల్లర్స్‌ది, 2:44:04. ఆమె ఆసుపత్రిలో మత్తుమందు ఇచ్చే నర్సు. పరుగంతా డ్యూటీకి ముందో, తర్వాతో. పాతకాలంలో ఇంగ్లండుకు చెందిన రాన్ హిల్ వస్త్ర రసాయన శాస్త్రంలో డాక్టరేట్ చేసి, పూర్తికాలం ఉద్యోగం చేస్తూ, ఇంటి నుంచి పనికీ పని నుంచి ఇంటికీ పరుగెత్తుకుంటూనే 1970లో కామన్వెల్త్ మారథాన్‌ను 2:09:28లో గెలిచాడు.

ఈ ముగ్గురిలో ఎవరి పనీ తేలిక కాదు. కానీ తమ పని వేళల చుట్టూ సాధనను అల్లుకుని, ఏళ్ల తరబడి దాన్ని కదలనివ్వలేదు. ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. ఇలాగే ప్రయత్నించి ఆగిపోయినవాళ్ల పేర్లు మనకు తెలియవు. కవావుచి కూడా 2019లో ఉద్యోగం వదిలేశాడు. 2021లో, 33 ఏళ్ల వయసులో, తన అత్యుత్తమ సమయం 2:07:27 చేశాడు. కాబట్టి ఉద్యోగం వల్ల ఏమీ నష్టం లేదని నేను అనను.

సైన్యం

మా జిల్లాలో పరుగు అనగానే సైన్యమే గుర్తొస్తుంది. తెల్లవారుజామున ఏ ఊరి రోడ్డు మీద చూసినా 1.6 కిలోమీటర్ల కోసం చెమటోడ్చే పిల్లలే. భర్తీ పరీక్షలో ఆ దూరం 5 నిమిషాల 30 సెకన్ల లోపు వస్తే పూర్తి 60 మార్కులు. ఒక భ్రమ ఇక్కడే పుడుతుంది. మైలు బాగా పరుగెత్తినవాడు దూరపు పరుగు బాగా పరుగెత్తుతాడని లేదు.

అయినా అందుబాటులో ఉన్న దారుల్లో ఇదే అన్నిటికంటే బలమైనది. శివనాథ్ సింగ్, గోపి, అవినాశ్ సాబ్లే, గుల్వీర్ అందరూ సైన్యం నుంచి వచ్చినవాళ్లే. యూనిట్ పోటీల్లో కనబడితే పైకి, అక్కడి నుంచి సర్వీసెస్ (త్రివిధ దళాల) జట్టుకు, పుణెలోని ఆర్మీ స్పోర్ట్స్ ఇన్‌స్టిట్యూట్‌కు దారి ఉంది. అక్కడ సాధనే డ్యూటీ. తిండి, శిక్షకుడు, తోటి పరుగువాళ్లు, జీతం అన్నీ ఒక్కచోటే. అందుకే "సైన్యంలో ఉద్యోగం చేస్తూ పరుగెత్తాడు" అన్న వార్త చదివితే నాకు కొంచెం నవ్వు వస్తుంది. పేరుకు ఉద్యోగం, పనికి పూర్తికాలం సాధన.

అగ్నివీర్‌గా వెళ్తే నాలుగేళ్ల తర్వాత కొనసాగించేది నాలుగో వంతు మందినే. క్రీడల కోటాలో వెళ్లాలంటే ముందే పతకాలుండాలి. వయసు పరిమితి దాటితే తలుపు మూసుకుంటుంది. 24 ఏళ్ల మన కుర్రవాడికి అది మూసుకుపోయినట్టే. పద్దెనిమిదేళ్ల పిల్లవాడు అడిగి ఉంటే నేను ఇంకేమీ చెప్పకుండా ఇటే పంపేవాణ్ణి.

పోలీసు, రైల్వే

కానిస్టేబుల్ పరీక్షకు 1600 మీటర్లు ఎనిమిది నిమిషాల్లో. పది కిలోమీటర్లు 33లో చేసేవాడికి ఇది షికారు. ఎంపికైన తర్వాతే అసలు సంగతి మొదలవుతుంది. విజయనగరం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం, అరసవల్లి రథసప్తమి, ఎన్నికలు, మంత్రుల పర్యటనలు, రాత్రి గస్తీలు. బందోబస్తులో పద్నాలుగు గంటలు నిలబడ్డ కాళ్లతో మరునాడు టెంపో పరుగు (గట్టిగా, ఒకే వేగంతో సాగే పరుగు) పెట్టమని చెప్పే ధైర్యం నాకు లేదు.

రైల్వేలోనూ అంతే. క్రీడల కోటాలో చేరితే సాధనకు సమయం, పోటీలకు సెలవు, జట్టు అన్నీ ఉంటాయి. మామూలు గ్రూప్ డి పరీక్షలో 35 కిలోల బరువు మోసి, వెయ్యి మీటర్లు 4 నిమిషాల 15 సెకన్లలో పరుగెత్తి ట్రాక్ మీద పనికి చేరితే, ఎండలో రాళ్ల మీద నడకే రోజంతా. ఒకే సంస్థ, ఒకే యూనిఫాం, రెండు వేర్వేరు జీవితాలు. "రైల్వేలో వచ్చింది" అని ఎవరైనా మిఠాయి తెస్తే, ఏ కోటాలో వచ్చిందని అడిగాకే సంతోషించండి.

షిఫ్టు ఫ్యాక్టరీ

ఇక్కడ నా సొంత గాయం ఉంది. 27వ ఏట నేనూ ఒక ఫ్యాక్టరీలో మారే షిఫ్టుల్లో పనిచేశాను. ఒక వారం ఉదయం ఆరు నుంచి రెండు, తర్వాతి వారం రెండు నుంచి పది, ఆ తర్వాత రాత్రి పది నుంచి ఆరు. సాధన పట్టిక గోడకు అంటించుకున్నాను, ఒక్క రోజు కూడా మానలేదు. అదే నా తప్పు. రాత్రి షిఫ్టు దిగి, కళ్లు మండుతుంటే స్టేడియానికి వెళ్లి వేయి మీటర్ల ఇంటర్వెల్స్ (మధ్యమధ్య ఆగుతూ వేసే వేగపు పరుగులు) వేసేవాణ్ణి. పగలు పడుకుంటే ఇంట్లో కుక్కర్ విజిళ్లు, వీధిలో మైకు. ఎనిమిది నెలల్లో మోకాలి కింద ఎముకలో సన్నని చీలిక. అయిదు నెలలు కుంటుతూ నడిచాను. నేను పరుగెత్తిన కిలోమీటర్లు అంతకు ముందు ఏడాది కంటే ఎక్కువేమీ కావు, నిద్ర మాత్రం సగమైంది.

అయితే ఫ్యాక్టరీ అంటేనే చెడ్డదని నేను అనను. చెడ్డది షిఫ్టు మారడం. ఒకే షిఫ్టు స్థిరంగా దొరికితే అది బడి పంతులు కొలువు కంటే మేలు కావచ్చు. ఉదయం ఆరు నుంచి రెండు అనుకోండి. మూడింటికి ఇల్లు, అన్నం, గంట నిద్ర. ఆ గంటే పూర్తికాలం క్రీడాకారుడికి ఉన్న సౌఖ్యం. అయిదున్నరకు పరుగు, తొమ్మిదికి పక్క. రెండు నుంచి పది షిఫ్టయితే పదకొండున్నరకు పడుకుని ఏడింటికి పరుగు. శీతాకాలంలో ఇది కవావుచి దినచర్యే. మన ఏప్రిల్‌లో మాత్రం ఏడింటికే ఎండ వీపు మీద వాతలు పెడుతుంది.

రాత్రి షిఫ్టు స్థిరంగా ఉన్నా సరే, వద్దు.

బడి, సచివాలయం

నేనిప్పుడు ఉన్న చోటు ఇది. వేళలు స్థిరం, తెల్లవారుజామున నాలుగుంపావుకు లేస్తే ఆరున్నరకల్లా పరుగు అయిపోతుంది. దసరా, సంక్రాంతి సెలవులు సరిగ్గా పోటీల కాలంలో వస్తాయి. ముంబయి మారథాన్ జనవరి మూడో ఆదివారమే కదా. విచిత్రమేమిటంటే పెద్ద సెలవులు మాత్రం మే నెలలో, కాలు బయట పెట్టలేని రోజుల్లో ఇస్తారు.

ఈ దారికి అడ్డు ఉద్యోగం కాదు, అది సంపాదించడం. డీఎస్సీకి చదవడమంటే రెండేళ్లు రాత్రీ పగలూ కుర్చీకి అతుక్కుపోవడం. 22 నుంచి 26 ఏళ్ల మధ్య, కాళ్లు బాగా ఎదిగే వయసులో, ఆ రెండేళ్లు పోతాయి. సచివాలయ కొలువుల్లో సర్వేల కాలం వస్తే వేళల స్థిరత్వం కాగితం మీదే మిగులుతుంది.

అన్నీ మానేసి ఇంట్లో

వారానికి 110 కిలోమీటర్లయితే ఒక జత బూట్లు ఏడు వందల కిలోమీటర్లకు అరిగిపోతాయనుకున్నా, ఆరు వారాలకొక జత. ఏడాదికి ఎనిమిది. జత అయిదు వేలనుకుంటే నలభై వేలు ఒక్క బూట్లకే. తిండి, రైలు ఛార్జీలు, పోటీల రుసుములు, కాలు నొప్పి వస్తే ఫిజియో. ఇవి ఎవరు భరిస్తారు? తండ్రి జీడితోట భరించాలి. అలా భరిస్తున్న ఇంట్లో మధ్యాహ్నం పడుకోవడం ఎంత కష్టమో పడుకున్నవాడికే తెలుసు. గడపలో కూర్చున్న ప్రతి చుట్టమూ ఏం చేస్తున్నావని అడుగుతాడు.

శిక్షకుడు, తోటి పరుగువాళ్ల గుంపు, ఏడాది ఖర్చు చేతిలో ఉంటే, ఒక గడువు పెట్టుకుని మానేయవచ్చు. పది కిలోమీటర్లు 31 లోపుకు వచ్చాక అయితే నేనూ సరే అంటాను. 33 దగ్గర ఉండగా మానేస్తే మిగిలే ఖాళీని కుర్రవాళ్లు అదనపు కిలోమీటర్లతో నింపుతారు, వాటికి ఎముకలు తట్టుకోవు.

తోట, పొలం, సొంత పని

దీన్ని ఎవరూ ఒక దారిగా లెక్కలో వేసుకోరు, నేను వేస్తాను. జీడి పిక్కల పని మార్చి నుంచి మే దాకా. పరుగువాడు ఎలాగూ విశ్రాంతి తీసుకోవలసిన నెలలవి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా తోటలో పని తక్కువ, పోటీలు ఎక్కువ. వేళలు మన చేతిలో ఉంటాయి, మధ్యాహ్నం నిద్ర ఎవరూ ప్రశ్నించరు. వరి పొలమైతే ఊడ్పుల కాలం ఇబ్బంది. ఇక అక్టోబరు తుపాన్లు ఉండనే ఉన్నాయి. 2018లో తిత్లీ ఉద్దానంలో ఎన్ని తోటలను నేలకు వంచిందో చూసినవాళ్లకు, తోట ఒక్కదాన్నే నమ్ముకోమని చెప్పలేను.

ఉద్దానం పేరు వచ్చింది కనుక ఇంకో మాట. కవిటి, సోంపేట, పలాస, వజ్రపుకొత్తూరు వైపు కిడ్నీ జబ్బు ఎంత ఉందో చెప్పనక్కర లేదు. దానికి కారణం ఇదీ అని ఇంకా తేలలేదు. ఎండలో పని, ఒంట్లో నీరు తగ్గడం అనుమానితుల జాబితాలో ఉన్నాయి. అటువైపు కుర్రవాళ్లు పగలు తోటలో ఎండకు ఎండి, సాయంత్రం గట్టి పరుగు వేసి, రాత్రి నొప్పి మాత్ర మింగడం నేను కళ్లారా చూశాను. నీరు తగ్గిన ఒంటికి డైక్లోఫెనాక్ లాంటి మాత్రలు కిడ్నీని దెబ్బతీస్తాయి. అక్కడివాళ్లు సాధన మొదలుపెట్టే ముందు, ఆ తర్వాత ఏడాదికొకసారి, సీరం క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్త) పరీక్ష చేయించుకోవాలి. చోడి (రాగి) అంబలిలో ఉప్పు వేసుకుని తాగడం ఏ సీసాలో అమ్మే పానీయానికీ తీసిపోదు.

ఎక్కడ ఉండాలి

విజయనగరంలో ఉన్నవాళ్లు మంచి శిక్షణ కోసం రోజూ విశాఖకు రైలెక్కాలా అని అడుగుతారు. దూరం అరవై కిలోమీటర్లు, రానూపోనూ రోజుకు మూడు గంటలు. ఆ మూడు గంటలూ నిద్రలోంచే పోతాయి. నెలకు రెండుసార్లు వెళ్లండి, చాలు. విజయనగరం వైపున్నవారికి శృంగవరపుకోట దాటాక ఘాట్ రోడ్డు ఉంది. ఎక్కుడు పరుగులకు అంతకంటే మంచిది దొరకదు. అరకులో ఉండి ఎత్తైన ప్రదేశపు సాధన చేస్తామనేవాళ్లకు ఒక దిద్దుబాటు: అరకు ఎత్తు తొమ్మిది వందల మీటర్ల చిల్లర. రక్తంలో మార్పు రావాలంటే రెండు వేల మీటర్ల దరిదాపుల్లో వారాల తరబడి ఉండాలి, అంటే ఊటీ లాంటి చోటు. అరకు ఇచ్చేది చల్లదనం, అది మాత్రం నిజంగానే ఇస్తుంది.

శ్రీకాకుళంవాళ్లకు చదునైన పొడవు రోడ్లు, వంశధార కాలువ గట్లు ఉన్నాయి. జాతీయ రహదారి మీద చీకట్లో పరుగెత్తకండి. రాన్ హిల్‌లా పనికి పరుగెత్తుకుంటూ వెళ్లే ఆలోచన బాగుంటుంది కానీ మన రోడ్ల అంచులు, కుక్కలు, ఎదురుగా లైట్లు దించని లారీలు ఇంగ్లండును గుర్తుకు తేవు.

ఒక పూటా, రెండు పూటలా

కొలువు ఉన్నవాడికి నా మాట: అయిదు రోజులు ఒక పూట, రెండు రోజులు రెండు పూటలు. రెండో పూట అరగంట మించని తేలిక పరుగు. వారంలో గట్టి పరుగులు రెండే. అవి కూడా ఊపిరి ఆగిపోయే ఇంటర్వెల్స్ కాకుండా, రెండు మాటలు మాట్లాడగలిగిన టెంపో. 33 నిమిషాల వాడికి కిలోమీటరు 3:30 దగ్గర, రెండేసి కిలోమీటర్లు అయిదుసార్లు, మధ్యలో నిమిషం నడక. ఉక్కపోత రోజుల్లో గడియారం చూడకుండా ఊపిరిని బట్టి. ఆదివారం 28 నుంచి 32 కిలోమీటర్లు. మిగతాదంతా పక్కవాడితో ఊసులాడుకునేంత నెమ్మదిగా. మన కుర్రవాళ్లు ఓడిపోయేది ఇక్కడే. తేలిక పరుగు రోజున కూడా గ్రౌండులో ఎవడో దాటిపోతే ఊరుకోలేరు.

ఆ కుర్రవాడికి ఇదంతా టీకొట్టు దగ్గర చెప్పలేదు, మూడు ఆదివారాలు పట్టింది. ఉద్యోగం మానేయవద్దన్నాను. షిఫ్టు మార్చుకోమన్నాను. సూపర్‌వైజరు మొదట కుదరదన్నాడట. పిల్లల చదువుకు డబ్బు అవసరమై రాత్రి షిఫ్టులు ఎక్కువ కావాలనుకునే తోటి ఉద్యోగి ఒకాయన ఉంటే, ఇద్దరూ కలిసి వెళ్లి రాసిచ్చారు. ఇప్పుడు ఇతనికి నెలంతా ఉదయం ఆరు నుంచి రెండు. నైట్ అలవెన్సు పోయింది. అది ఏడాదికి రెండు జతల బూట్ల డబ్బని లెక్క చెప్పాడు, నేను అడగకుండానే.